రంగం నుంచి శ్రీకాకుళం దాకా మా ఇంటి కథ

సోంపేటకు దగ్గర్లో, ఉద్దానంలో, రాత్రిపూట సముద్రపు హోరు వినిపించే చోట మాకొక కొబ్బరి తోట ఉంది. రెండెకరాలకు కాస్త తక్కువ. పట్టాదారు పుస్తకంలో ఎవరి పేరున్నా ఊళ్ళో దాన్ని రంగమోడి తోట అనే అంటారు. ఆ రంగమోడు మా ముత్తాత. రంగం అంటే బర్మాలోని రంగూన్ పట్నం. రంగూన్‌లో బస్తాలు మోసి ఆయన పంపిన మనియార్డర్లతో కొన్న భూమి అది. దాన్ని ఆయన కళ్ళారా చూడనేలేదు.

మా ముత్తాత, తాత, నాన్న ముగ్గురిలో పుట్టిన ఊళ్ళోనే కన్నుమూసినవాళ్ళు లేరు. ముత్తాత ఉద్దానంలో పుట్టి రంగంలో పోయాడు. తాత ఉద్దానంలో పుట్టి, వయసులో ఉన్న కాలమంతా రంగంలో గడిపి, శ్రీకాకుళంలో పోయాడు. నాన్న రంగంలో పుట్టి శ్రీకాకుళంలో పోయారు. నేను శ్రీకాకుళంలో పుట్టి, పెళ్ళయ్యాక విజయనగరంలో ఉండిపోయాను. జమీందార్ల సంగతులు, వర్తకుల సంగతులు ఎవరో ఒకరు రాసి పెడతారు. రేవు కూలీల సంగతి ఎవరు రాస్తారు? అందుకే మామ్మ చెప్పగా విన్నవి, నాన్న చెప్పగా విన్నవి, ట్రంకు పెట్టెలో మిగిలిన కాగితాలు చూసి తెలుసుకున్నవి కలిపి నేనే రాస్తున్నాను. మా పిల్లలకు ఇదంతా తెలియాలని నాకు చాలా ఉంది.

ముత్తాత ఇల్లు వదిలింది 1919లో. అంతకు ముందు ఏడు వానలు మొహం చాటేశాయి. అదే ఏడు దేశమంతా ఇన్‌ఫ్లుయెంజా జ్వరం. మా ఊళ్ళో దాన్ని పెద్దజ్వరం అనేవారట. ముత్తాత తల్లీ తండ్రీ ఒకే వారంలో పోయారు. ఇంట్లో భార్య, రెండేళ్ళ కొడుకు, పెళ్ళికాని తమ్ముడు మిగిలారు. జమీందారుకు శిస్తు బాకీ, షావుకారుకు గింజల బాకీ. అప్పుడు ఊళ్ళోకి, రంగానికి కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ వచ్చాడు. ఓడ ఛార్జీ తనే పెట్టుకుంటాడు, ఇంట్లో ఇచ్చుకోవడానికి కొంత అడ్వాన్సు ఇస్తాడు, రంగం వెళ్ళాక కూలిలో కోసుకుంటాడు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలమంది అలాగే వెళ్ళారు. మా ఊరు అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా వేరైనప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. రెండేళ్ళు కష్టపడి బాకీలు తీర్చుకుని వచ్చేద్దామనే ముత్తాత వెళ్ళాడు. రెండేళ్ళ మాట మీద వెళ్ళినవాళ్ళే అందరూ.

స్టీమరు బారువలో ఎక్కాలి. అక్కడ ఓడ ఒడ్డుకు రాదు. లోతు నీళ్ళలో దూరంగా లంగరు వేస్తుంది. అంతవరకూ మసూలా పడవల్లో తీసుకెళ్ళేవారు. మేకులు లేకుండా, చెక్కల్ని కొబ్బరినార తాళ్ళతో కుట్టిన పడవ అది. మన తీరంలో కెరటం ఒడ్డుకు దగ్గరగా వచ్చి విరుగుతుంది. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బకు చెక్క చీలిపోతుంది. కుట్టిన పడవ దెబ్బ తగిలినప్పుడు కాస్త లొంగి మళ్ళీ సర్దుకుంటుంది. కాకపోతే కుట్ల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, ఒకడు కూర్చుని తోడి పోస్తూనే ఉండాలి. ఇదంతా నాకు తాత చెప్పాడు. ఆయన 1930 మొదట్లో, పదమూడేళ్ళ వయసులో, ఊరివాళ్ళతో కలిసి తండ్రి దగ్గరికి వెళ్ళాడు. "నడుం దాకా తడిసిపోనాం. ఓడెక్కినాక మూడో రోజుకి గానీ ఒంటి మీద బట్ట ఆరనేదు" అనేవాడు. డెక్కు మీదే పడక, డెక్కు మీదే తిండి. వాళ్ళమ్మ కట్టిచ్చిన అటుకులు, బెల్లం, ఎండు చేపలు నాలుగు రోజులు వచ్చాయి.

తండ్రిని తాత గుర్తుపట్టలేదట. మధ్యలో ఒక్కసారి ముత్తాత ఊరొచ్చాడు గానీ అప్పటికి తాతకి ఏడేళ్ళు. తోట కొన్నది ఆయన తిరిగి వెళ్ళిపోయిన తర్వాతే. రేవులో ఎవరో ఒకాయన దగ్గరికొచ్చి మూట అందుకుని ముందు నడుస్తుంటే, మేస్త్రీ మనిషి అనుకుని వెనకాలే నడిచాడు. గదికి వెళ్ళాక, కంచంలో అన్నం పెట్టి పక్కన కూర్చుని ఆయన ఏడిస్తే అప్పుడు తెలిసింది.

రంగంలో పజుండౌంగ్ కాలవ పొడవునా బియ్యం మిల్లులుండేవి. కొత్త ధాన్యం వచ్చే రోజుల్లో పడవల నుంచి మిల్లుకి, మిల్లు నుంచి మళ్ళీ రేవుకి బస్తాలే బస్తాలు. మిల్లుల్లో, రేవుల్లో, రిక్షా బళ్ళ దగ్గర ఎటు చూసినా మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులు. గదులు చాలక కూలీలు వంతుల మీద పడుకునేవారు. రాత్రి పని చేసినవాడు వచ్చేసరికి పగటి పనివాడు లేచి చాప ఖాళీ చేయాలి.

తాత వెళ్ళిన కొద్ది నెలలకే, 1930 మే 5 రాత్రి భూకంపం వచ్చింది. పెగూ పట్నం నేలమట్టమైంది, రంగంలోనూ గోడలు పడి మనుషులు చచ్చిపోయారు. అదే నెలలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల వాళ్ళు బర్మా కూలీలను తెచ్చి పెట్టుకున్నారు. తీరా సమ్మె తేలి మనవాళ్ళు పనిలోకి తిరిగొచ్చేసరికి బర్మా కూలీలకు పని పోయింది. మే 26న కొట్లాట మొదలై ఊరంతా పాకింది. కత్తులు పట్టుకుని తెలుగువాళ్ళను వెతికి మరీ చంపారు. ముత్తాత తాతని తీసుకుని మిల్లు గోడౌన్లో ధాన్యం బస్తాల వెనక దాక్కున్నాడు. బయట వినిపించిన కేకల గురించి తాత ఎప్పుడూ చెప్పేవాడు కాదు. గోడౌన్లో వేడి గురించి, ధాన్యం దురద గురించి మాత్రం చెప్పేవాడు. ఒక బర్మా ముసలామె రోజూ చీకటి పడ్డాక కిటికీలోంచి నీళ్ళ కుండ అందించేదట. మేం బర్మావాళ్ళని ఒక్క మాట అన్నా తాత ఊరుకునేవాడు కాదు. ఆ ముసలామె కారణంగానే అని నాన్న అనేవారు.

ముత్తాత 1937లో, బర్మా ఇండియా నుంచి వేరుపడిన ఏడు, జ్వరంతో పోయాడు. రంగంలోనే దహనం చేశారు. ముత్తవ్వకు ఆ సంగతి ఉత్తరంలో చేరింది. తాత రెండేళ్ళ తర్వాత ఊరొచ్చి పెళ్ళి చేసుకుని, మామ్మని వాళ్ళమ్మ దగ్గర వదిలి మళ్ళీ ఓడెక్కాడు.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. జనం ఆకాశంలో విమానాలు చూడ్డానికి వీధుల్లోకి వచ్చి నిలబడ్డారట, అంతకుముందు అలాంటిది చూడలేదు కదా. ఒక్క పూటలో రేవు ఖాళీ అయిపోయింది. ఓడ టిక్కెట్లు డబ్బున్నవాళ్ళకే దొరికాయి. తాత ప్రోమ్ దాకా నడిచి, ఐరావతి దాటి, అరకాన్ కొండల్లోంచి టౌంగుప్ దారి పట్టాడు. వంద మైళ్ళు పైనే ఉన్న కొండదారి. నీళ్ళు లేవు, ఉన్న చోట కలరా. ఆ ఏడు బర్మా నుంచి నాలుగు లక్షల మందికి పైగా భారతీయులు వచ్చేశారని, దారిలో వేలకు వేలు చచ్చిపోయారని పుస్తకాల్లో చదివాను. తాత నోట మాత్రం అంకెలు రాలేదు. దారి పక్కన కూర్చుండిపోయినవాళ్ళ గురించి చెప్పేవాడు. ఎవరైనా కూర్చుంటే ఇక లేవరని అందరికీ తెలుసట. అందుకని కాళ్ళు బొబ్బలెక్కినా నిలబడే సేద తీరేవారట. అక్కడి నుంచి పడవలో అక్యాబ్, మళ్ళీ ఓడలో చిట్టగాంగు, అక్కడి నుంచి కలకత్తా, రైల్లో సోంపేట. మార్చి నెలాఖర్లో ఇల్లు చేరాడు. వారం తిరక్కుండా, ఏప్రిల్ 6న, మళ్ళీ జపాన్ విమానాలే విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. పట్నాల నుంచి జనం పల్లెలకు పరిగెత్తుకొచ్చారు. "అక్కడా తప్పించుకోనేదు, ఇక్కడా తప్పించుకోనేదు" అని ముత్తవ్వ నెత్తీ నోరూ కొట్టుకుందట.

అంతా చూసొచ్చిన మనిషి మళ్ళీ ఎందుకు వెళ్ళాడు? చిన్నప్పుడు ఇది నాకు ఎంతకీ అర్థమయ్యేది కాదు. నాన్నని అడిగితే, "ఊళ్ళో ఏం చేస్తాడమ్మా? ఆయనకి తెలిసిన పని అక్కడుంది, తెలిసిన మనుషులు అక్కడున్నారు" అనేవారు. పదమూడేళ్ళ నుంచి ఇరవై అయిదేళ్ళ దాకా బతికిన ఊరే కదా మనిషికి సొంత ఊరు. యుద్ధం ముగిశాక, 1946లో, తాత మామ్మని కూడా తీసుకుని వెళ్ళాడు. మా ఇంట్లోంచి రంగం వెళ్ళిన మొదటి ఆడమనిషి మా మామ్మ.

మామ్మ వెళ్ళాకే అది ఇల్లయింది. 1947లో మా అత్త, 1950లో నాన్న పుట్టారు. తాత బస్తాలు మోయడం మానేసి చిన్న కిరాణా కొట్టు పెట్టాడు. బియ్యం, పప్పులు, ఎండు చేపలు, మన ఊరి చింతపండు. మామ్మ కొట్లో కూర్చుని బర్మా భాష తొందరగా పట్టేసింది. తాత ముప్పై ఏళ్ళున్నా బేరాలవరకే వచ్చు. ఏప్రిల్లో వాళ్ళ నీళ్ళ పండగ తింజాన్ వస్తుంది. మన ఉగాదికి కాస్త అటూ ఇటూ. నాన్న చిన్నప్పుడు ఉగాది పచ్చడి తిని నీళ్ళ పండగలో తడిసి రెండూ మన పండగలే అనుకునేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మా భాష, సాయంత్రం తెలుగు బడి. మామ్మ తన జీవితంలో బాగా బతికిన రోజులు అవేనని చివరిదాకా చెప్పింది.

1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్య్రం వచ్చాక పౌరసత్వం తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. తాత తీసుకోలేదు. ఎప్పటికైనా ఊరెళ్ళిపోతాం కదా అన్నాడు. తీసుకోనివాళ్ళు విదేశీయులుగా పేరు రాయించుకుని ఎఫ్ఆర్‌సీ అనే పుస్తకం దగ్గర పెట్టుకోవాలి. అత్తకి 1963లో పెళ్ళి చేశారు. మౌల్మీన్ పక్క పల్లెలో తెలుగువాళ్ళే, పొలాలున్న కుటుంబం. మూడు తరాలుగా అక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ళకు పౌరసత్వం ఉంది. ఆ కాగితమే తర్వాత మా ఇంటిని రెండు చేసింది.

1962 మార్చిలో జనరల్ నే విన్ సైన్యంతో ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నాడు. 1964లో కొట్లన్నీ జాతీయం చేశారు. మా తాత కొట్టు ముందు కూడా బోర్డు పెట్టి లెక్కలు రాసుకున్నారు. మే నెలలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. కొట్టు మీద వచ్చినదంతా మామ్మ బియ్యం జాడీ అడుగున వంద నోట్లుగా దాచింది, చిన్న నోట్లయితే చోటు పట్టేస్తాయని. ఆ మాట చెబుతూ ఆమె రెండు చేతులూ జాడీ పట్టుకున్నట్టు పెట్టేది.

ఇక మిగిలింది ఓడే. అప్పుడు బర్మా వదిలొచ్చిన భారతీయులు లక్షల్లో ఉన్నారు. బంగారం తీసుకెళ్ళనివ్వరని ముందే తెలిసిపోయింది. మామ్మ తన పుస్తెలు తీసి అత్తకు ఇచ్చి, మెళ్ళో పసుపు కొమ్ము కట్టుకుంది. "నీ దగ్గిరుంటే నా దగ్గిరున్నట్టే. మల్ల వొచ్చినప్పుడు ఇచ్చీసీ" అందట. అత్తకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. రేవులో సామాను విప్పి చూసిన అధికారి దుప్పట్లు దులిపాడు, చీరల మడతలు విప్పాడు, పప్పు సంచిలో చెయ్యి పెట్టి కలియబెట్టాడు. అడుగున ఒక రాయి కనిపిస్తే పట్టుకుని తిప్పి చూసి మళ్ళీ పెట్టేశాడు.

ఆ రాయి ఇప్పుడు విజయనగరంలో మా వంటింట్లో ఉంది. కంచం అంత గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అంచు చుట్టూ నీళ్ళు జారడానికి వేలు పట్టేంత గాడి. దాని మీద తనకా చెక్క అరగదీస్తారు. బర్మాలో ఆడవాళ్ళూ పిల్లలూ బుగ్గలకు రాసుకునే లేత పసుపు గంధం అది. చెక్కని నీళ్ళు చల్లుకుంటూ గుండ్రంగా తిప్పాలి, అటూ ఇటూ రుద్దకూడదు. రుద్దితే నలకలు వస్తాయి, తిప్పితే వెన్నలా దిగుతుంది. మామ్మ తెచ్చుకున్న రెండు చెక్కలూ కొన్నేళ్ళకు అరిగిపోయాయి. అది మన వెలగ జాతి చెట్టే. కాలనీలో ఎవరో వెలగ బెరడు అరగదీసి చూసి దగ్గర దగ్గరగా ఉందన్నారు, అప్పట్నుంచి మామ్మ అదే వాడింది. ఎండాకాలం మా పిల్లలందరి బుగ్గల మీదా చెరొక పట్టీ. స్కూల్లో వెక్కిరిస్తారని తుడుచుకుంటే, "తుడిసీకే గుంటా, సెమట పొక్కులు రావు" అని పట్టుకుని మళ్ళీ రాసేది.

1965 మొదట్లో విశాఖపట్నం హార్బర్లో దిగారు. కంచరపాలెంలో బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఉన్నచోట కొన్నాళ్ళు తలదాచుకున్నారు. తర్వాత శ్రీకాకుళం వచ్చారు. ప్రభుత్వం ఇచ్చిన చిన్న స్థలం, ఒక గది, ఒక వరండా. అలాంటి ఇళ్ళు వరసగా. ఊళ్ళోవాళ్ళకు మేం బర్మావోళ్ళం. రంగంలో కలా అనేవారు, అంటే బయటివాళ్ళని. ఇక్కడికొస్తే బర్మావోళ్ళయ్యాం. తాతకి ఒక రైసు మిల్లులో గుమస్తా పని దొరికింది. మళ్ళీ బియ్యమే.

తోట సంగతి ఇక్కడే చెప్పాలి. ముత్తాత పంపిన డబ్బుతో ఆయన తమ్ముడు నాలుగెకరాలు కొని కొబ్బరి వేశాడు. పట్టా ఆ తమ్ముడి పేరునే ఉంది. ఆయన పోయాక కొడుకు, అంటే తాతకి తమ్ముడు, సాగు చేసుకుంటున్నాడు. నలభై ఏళ్ళ సాగు. తాత ఊరెళ్ళి రెండు రోజులుండి భోంచేసి, తోట మాట ఎత్తకుండానే బయల్దేరాడట. బస్సు దగ్గరికి ఆ చినతాతే పరిగెత్తుకొచ్చి వెనక్కి పిలుచుకెళ్ళాడు. కొలతాడు తెచ్చి పెద్దల ముందు కొలిచి, "అన్నా, ఇది పెదనాన్న రక్తం. సగం నీది" అని రాళ్ళు పాతేశాడు. కాగితం లేదు, సాక్ష్యం లేదు, అడిగినవాళ్ళు లేరు. మా కాలనీలో ఎన్నో ఇళ్ళవాళ్ళు తాతలు పంపిన డబ్బుతో కొన్న భూములు అడగబోయి మాట పడి తిరిగొచ్చారు. మా ఇంటి చరిత్రలో నేను అందరికన్నా ఎక్కువ గౌరవించేది ఆ చినతాతని. ఆయన ఎప్పుడూ జిల్లా దాటి వెళ్ళలేదు.

తోట నుంచి కొబ్బరికాయలు వచ్చేవి కాబట్టి మా ఇంట్లో కౌసే, అంటే బర్మావాళ్ళ కొబ్బరిపాల నూడుల్స్ పులుసు, ఉండేది. నా చిన్నతనంలో ఆదివారమంటే కౌసేనే. శ్రీకాకుళంలో అప్పుడు నూడుల్స్ ఎక్కడివి? మామ్మ బియ్యప్పిండి ఉడికించి ముద్ద చేసి, జంతికల గొట్టంలో పెట్టి మరిగే నీళ్ళలోకి వత్తేది. పైకి తేలగానే తీసి చన్నీళ్ళలో వేసేది, లేకపోతే అంటుకుపోతాయి. పులుసుకు కొబ్బరిపాలు, చిక్కదనానికి శనగపిండి, ఉల్లిపాయ, కోడిమాంసం ఉంటే మాంసం, లేకపోతే ఎండు రొయ్యలు. పైన కరకరలాడేలా వేయించిన వెల్లుల్లి, వేయించి దంచిన ఎండుమిర్చి, నిమ్మకాయ. వరండాలో వరసగా కూర్చోబెట్టి గిన్నెల్లో పోసేది. ఆ వెల్లుల్లి వేగే వాసనకి పక్కింటి పిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు మార్కెట్లో ఎన్నో రకాల నూడుల్స్ దొరుకుతాయి, నేనూ చేస్తాను. పిల్లలు బాగుందంటారు. నాకు మాత్రం జంతికల గొట్టంతో చేసిందే కావాలి.

సాయంత్రాలు కాలనీ ఆడవాళ్ళు మా వరండాలో చేరేవారు. పిల్లలకు తెలియకూడని మాటలన్నీ బర్మా భాషలో. మాకు వచ్చింది అంకెలే. తిత్, నిత్, తోన్ అని లెక్కపెడుతూ తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం.

అత్త నుంచి ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు వచ్చేవి. కవరు చింపి అతికించినట్టు తెలిసిపోయేది. అందుకని క్షేమ సమాచారాలే రాసేది. కూతురు పుట్టింది, పొలం బాగా పండింది, మామగారు పోయారు. రంగంలో తెలుగు బడికి వెళ్ళింది కాబట్టి అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉండేవి. మామ్మకి చదువు రాదు. నేను రెండో తరగతికి వచ్చాక చదివి వినిపించే పని నాకొచ్చింది. ఒక్కో ఉత్తరం ఎన్నిసార్లు చదివించుకునేదో చెప్పలేను. 1988లో అక్కడ పెద్ద గొడవలు జరిగాయి, విద్యార్థుల మీద కాల్పులు జరిగాయని రేడియోలో విన్నాం. ఆ తర్వాత ఉత్తరం రాలేదు. మేం రాసినవాటికి జవాబూ లేదు. మామ్మ పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకి వరండాలో కూర్చోవడం మానలేదు. ఎవరేమన్నా, "బతికే ఉన్నాది. నాకు తెలుస్తాది" అనేది. 1998లో మామ్మ పోయింది. తాత అంతకు ముందే పోయాడు.

2014 తర్వాత బర్మాలో సిమ్ కార్డులు చవకయ్యాయి. అంతకుముందు అక్కడ మామూలు మనిషి ఫోన్ కొనగలిగేవాడు కాదు. ఒక్కసారిగా అందరి చేతుల్లోకి ఫోన్లు, ఫేస్‌బుక్ వచ్చేశాయి. మౌల్మీన్ వైపు తెలుగు పిల్లలు శ్రీరామనవమి ఫొటోలు పెట్టడం మొదలుపెట్టారు. మా తమ్ముడు అలాంటి ఒక ఫొటో కింద మా ఇంటిపేరు రాసి, ఈ ఇంటి ఆడపడుచు మీ వైపు ఉన్నారా అని అడిగాడు. అక్కడ ఇంటిపేర్లు బర్మా పేర్ల వెనక దాగి ఉంటాయి గానీ పెళ్ళి సంబంధాల కోసం పెద్దవాళ్ళు జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటారు. పది రోజుల్లో మనిషి దొరికింది.

2016లో నాన్న, అత్త వీడియోలో చూసుకున్నారు. యాభై ఏళ్ళ తర్వాత. మొదట కాసేపు ఇద్దరూ ఏడ్చారు, తర్వాత బర్మా భాషలోకి వెళ్ళిపోయారు. మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. నాన్న అంత వేగంగా, అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. శ్రీకాకుళంలో ఆయన నెమ్మదస్తుడని పేరు. ఆ గదిలో కూర్చున్నది పదిహేనేళ్ళ పిల్లాడు. అత్త మామ్మ గురించి అడిగినప్పుడు మాత్రం తెలుగులో అడిగింది. పోయి పద్దెనిమిదేళ్ళయిందని నాన్న చెప్పారు. ఆమె లోపలికెళ్ళి పుస్తెలు తెచ్చి ఫోన్ ముందు పట్టుకుంది. ఎవరికివ్వాలిరా ఇవి, అంది. నీ కూతురికే ఇయ్యి అప్పా, అన్నారు నాన్న.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు నడుములు విరిగి, వేళ్ళతో సహా లేచిపోయి, ఎక్కడ చూసినా పడి ఉన్నాయి. మా తోటలో నిలబడ్డవి చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ముత్తాత డబ్బుతో నాటిన చెట్లు కూడా అందులోనే పోయాయి. కరెంటు లేదు, రోడ్లు లేవు, కొబ్బరి మీద బతికే వందల ఊళ్ళ పరిస్థితి అదే. కొబ్బరి మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది, అంతదాకా ఏం తింటారు? మా చిన్నాన్న కొడుకులు ఇద్దరూ ఆ ఏడే పనికి బయటి రాష్ట్రం వెళ్ళారు. రెండేళ్ళు చేసి వచ్చేస్తామన్నారు. ఇంకా అక్కడే ఉన్నారు. మరుసటి ఏడు నాన్న పోయారు.

అత్త ఉంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ మళ్ళీ సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక చాలారోజులు ఫోన్ కలవలేదు. మా ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు, 1988 లాగే అయిపోతుందేమోనని ఒకటే టెన్షన్. కలిశాక ఆమె అంది, "మేం బాగున్నాం, మీరు ఏడవకండి" అని. 2024 ఫిబ్రవరిలో పద్దెనిమిది నుంచి ముప్పై అయిదేళ్ళ లోపు మగపిల్లలను సైన్యంలో చేర్చుకునే చట్టం అమలు చేస్తామన్నారు. అత్త మనవడికి ఇరవై ఆరేళ్ళు, కరెంటు పని చేస్తాడు. ఒక రాత్రి ఇంట్లో చెప్పి సరిహద్దు దాటి థాయిలాండ్‌లో మే సాట్ చేరాడు. ఇప్పుడు అక్కడే ఒక వర్క్‌షాపులో పని. పరిస్థితి కుదుటపడగానే వెళ్ళిపోతానంటాడు.

నన్ను అత్తా అని పిలుస్తాడు. తెలుగు మాట్లాడతాడు గానీ రాయడం రాదు, వాయిస్ మెసేజ్‌లు పంపుతాడు. మొన్నామధ్య, తన ముత్తాత ఇండియావాడని చూపించే కాగితం ఏమైనా ఉందా అని అడిగాడు. ట్రంకు పెట్టె దించి వెతికితే తాత ఎఫ్ఆర్‌సీ పుస్తకం దొరికింది. ఫొటో, వేలిముద్ర, పుట్టిన ఊరు దగ్గర సోంపేట తాలూకా, గంజాం అని ఉంది. అన్ని పేజీలూ ఫొటోలు తీసి పంపాను. ఇది ఉపయోగపడాలంటే ఊళ్ళో మనవాళ్ళ పేరున్న పాత రికార్డు కూడా ఉంటే మంచిదని తెలిసినవాళ్ళన్నారు. సోంపేటలో అడిగితే గంజాం జిల్లా రోజుల నాటివి తమ దగ్గర లేవన్నారు. అందుకని తమ్ముడూ నేనూ ఒడిశాలో గంజాం జిల్లా కేంద్రమైన ఛత్రపురం వెళ్ళి కలెక్టరాఫీసులో అడుగుదామనుకుంటున్నాం. తమ్ముడికి ఒడియా వచ్చు. ముత్తాత తండ్రి పేరు మాకు తెలియదు, అత్తనడిగితే వెంటనే చెప్పింది. ఆ పేరు చీటీ మీద రాసుకున్నాం.